ఎసట్లో గిద్దెడు ఎక్కువ

మంగినపూడి

చిన్నా,

వంటగది ఉన్న ఇల్లు దొరికిందనీ, నలుగురూ అందులోకి మారారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషించాను. కానీ నలుగురున్నా ఎవరి పొట్లం వాళ్ళు తెప్పించుకుని, ఎవరి మంచం మీద వాళ్ళు ఫోను చూసుకుంటూ తింటున్నారట. ఆ మాట విన్నప్పటినుంచీ మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే "సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మగపిల్లాడివని మీ ఇంట్లో నిన్నెవరూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నేర్చుకో. బిర్యానీతో మొదలుపెట్టకు. అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు. వీటికి చెయ్యి తిరిగితే ఎవరినైనా ధైర్యంగా భోజనానికి పిలవొచ్చు.

పప్పు ఎంతకీ ఉడకడం లేదన్నావట. నీళ్ళు ఎక్కడివి పోస్తున్నావు? మన ఊళ్ళో నేల అడుగంతా ఉప్పే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నూతినీళ్ళు గిన్నెలు తోముకోవడానికే పనికొచ్చేవి. తాగడానికీ, పప్పులోకీ చెరువునీళ్ళు బిందెలతో మోసుకొచ్చేవాళ్ళం. చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్ళలో కందిపప్పు వెన్నలా మెదిగేది. తొందరపడి నూతినీళ్ళు పోశామా, ఎంతసేపు కాచినా బద్దలు బద్దలుగానే ఉండేది. మీ బోరునీళ్ళదీ ఆ గుణమే అయ్యుంటుంది. పప్పుకి తాగే నీళ్ళు వాడు. ముందు దోరగా వేయించి, కడిగి, కాసేపు నాననివ్వు. చింతపండు పులుసు మాత్రం పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పొయ్యి. పులుపు ముందు పడితే ఇక మెదగదు. దోసకాయ పప్పు అయితే ముక్కలు విడిగా మగ్గించి తర్వాత కలుపు, తేలిక.

ఇక అసలు సంగతి. బియ్యం కొలిచేటప్పుడు మీ లెక్కకంటే గిద్దెడు ఎక్కువ వెయ్యి. గిద్ద అంటే తెలియకపోతే టీ గ్లాసుడు అనుకో. ఎవరొస్తారో తెలియకుండానే వెయ్యాలి. ఎవరైనా వస్తే వడ్డిస్తావు, రాకపోతే పొద్దున చద్దన్నంలోకి పెరుగూ ఉల్లిపాయా ఉండనే ఉన్నాయి. అంత అన్నం గిన్నెలో ఉందని తెలిస్తే గుమ్మంలోకి వచ్చిన మనిషిని "తిన్నావా" అని అడగడానికి నోరు వెనకాడదు.

బందరులో వారాలబ్బాయిలని ఉండేవాళ్ళు. నోబుల్ దొర 1843లో పెట్టిన బడి కాలేజీ అయింది, 1910లో జాతీయ కళాశాల వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి చదువుకోడానికి పిల్లలు వచ్చేవారు. పూటకూళ్ళ ఇంట్లో తినే స్తోమత అందరికీ ఉండేది కాదు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులకి ఏడిళ్ళు కుదుర్చుకుని చదువు గట్టెక్కించుకునేవారు. వారం ఇచ్చిన వాళ్ళంతా జమీందార్లేం కారు, గుమాస్తాలూ బడిపంతుళ్ళూ కూడా ఇచ్చారు. ఆ పిల్లాడు వస్తున్నాడని గారెలూ పాయసం వండలేదు. ఆ పూట ఇంట్లో తోటకూర పులుసైతే వాడికీ తోటకూర పులుసే. అందుకే ఏళ్ళ తరబడి పెట్టగలిగారు. విందు చేసి పెట్టాలనుకుంటే నెలకొకసారి పిలవడం కూడా బరువైపోతుంది. నువ్వూ పండగ కోసం, జీతం కోసం, ఇల్లు సర్దుకోవడం కోసం ఆగకు. ఇవాళ వండినదాంట్లోకే పిలువు.

అయితే ఆ వారాల్లో చేదు కూడా ఉంది. చాలావరకు కులం చూసే వారం ఇచ్చారు. కొన్ని ఇళ్ళలో ఇంటివాళ్ళంతా తిన్నాక, వసారాలో విడిగా కూర్చోబెట్టి వడ్డించేవారు. తలెత్తకుండా తినిపోయిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఆ వసారా మరిచిపోలేదు. పిలిచినప్పుడు నీ కంచంలో ఉన్నదే వాళ్ళ కంచంలోనూ ఉండాలి. గరిటె పట్టుకుని పక్కన నిలబడకు, నువ్వూ వాళ్ళతోపాటు కూర్చో. మా కాలంలో ఆడవాళ్ళం అందరికీ పెట్టి, చివర్న మిగిలింది తినేవాళ్ళం. దాన్ని గొప్ప గుణమని పొగిడేవారు. నాకు అందులో గొప్ప ఏమీ కనిపించదు. రేపు నీకు పెళ్ళయ్యాక కూడా వండిన మనిషి అందరితోపాటు వేడన్నం తినేలా చూడు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. వేలమంది పోయారు. కోతకొచ్చిన చేలన్నీ పడిపోయాయి, బావుల్లో సముద్రం నీళ్ళు నిండాయి. బియ్యం దొరికినా వండుకోడానికి మంచినీళ్ళు లేవు, ఎండుపుల్ల లేదు. అవనిగడ్డ వైపు ఉన్న మా పుట్టింటివాళ్ళు బయటినుంచి లారీలో తెచ్చిన నీళ్ళతో, ఒక్క డేగిసాలో వండిన అన్నం తిన్నారు. పేటవాళ్ళూ, పల్లెకారులూ, పెద్దిళ్ళవాళ్ళూ అదే అన్నం, అదే వరసలో కూర్చుని తిన్నారు. ఇళ్ళు మళ్ళీ లేచాక ఎవరి బంతి వాళ్ళదైపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. 2003 నుంచి మన బళ్ళలో మధ్యాహ్నం వండి పెడుతున్నారు. అక్కడ పిల్లలందరూ ఒకే బంతిన కూర్చుంటే కళ్ళనిండా చూసుకుంటాను. ఇప్పుడా భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళగానివేళ ఎవరొచ్చినా ఆకు వేసిన మహాతల్లి, 1909లో పోయారు. అంతటి శక్తి అందరికీ ఉండదు. మీ అంతస్తులో ఉన్న నాలుగు గుమ్మాలు నీకు చాలు.

మీ ఇంట్లో తలో ఊరివాళ్ళు ఉన్నారు. "నువ్వేం తింటావు, ఏం తినవు" అని అడుగు. "మీరేవిట్లు" అని కులం మాత్రం అడగకు. ఏదైనా తినని వాళ్ళుంటే వాళ్ళ కూర విడి గిన్నెలో, విడి గరిటెతో చెయ్యి. దాని గురించి ఒక్క మాట కూడా అనకు.

సరుకుల ఖర్చు నలుగురూ పంచుకోండి, అందులో మొహమాటం వద్దు. ప్రకాశం పంతులు గారి తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో డబ్బు తీసుకుని భోజనం పెట్టి పిల్లల్ని పైకి తెచ్చారు. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆ అన్నం విలువ ఏం తగ్గింది? ఒకడే వండి, ఒకడే గిన్నెలు తోముతూ పోతే మాత్రం నెల తిరక్కుండా మాటలు మానేస్తారు. వండనివాడు తోమాలి.

ఇంకొకటి. పెట్టడమే కాదు, అడగడం కూడా నేర్చుకో. పెరుగు ప్యాకెట్టు కొనుక్కోగలవు, నాకు తెలుసు. అయినా ఒకరోజు పక్కింటి తలుపు తట్టి తోడుకి కాస్త మజ్జిగ అడుగు. నువ్వు అడిగితేనే రేపు ఆవిడ కరివేపాకు కోసం నీ తలుపు తట్టగలుగుతుంది. ఎప్పుడూ పెట్టేవాడిగానే ఉంటే నీ దగ్గరికి రావడానికి మనుషులు జంకుతారు. ఆవిడ కూర పంపిస్తే గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకు, రెండు అరటిపళ్ళైనా పెట్టు. నీ గిన్నె ఖాళీగా వచ్చినా లెక్క పెట్టుకోకు.

శనివారం మీ అత్త హైదరాబాదు వస్తోంది. తనతో మినపసున్ని, కొత్తావకాయ, గుడివాడ నుంచి తెప్పించిన ఉలవచారు, కాసిని ఎండురొయ్యలు పంపుతున్నాను. ఉలవచారులో మీగడ వేసుకోండి. ఎండురొయ్యలు తలలు, తోకలు తీసి పొడిమూకుట్లో వేయించి, బాగా కడిగి వంకాయతో వండు. వేయించే ముందు కిటికీలు తెరిచి, పక్కింటావిడకి ఒక మాట చెప్పు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కింద చాప వేసుకుని తినండి. ఐదోవాళ్ళు ఎవరొచ్చారో రాత్రికి ఫోను చేసి చెప్పు.

మీ అమ్మమ్మ