క్లర్క్ అంటే ఒకప్పుడు ఎవరు?



చోడవరంలో మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, ఒక ఇంగ్లీషు పదం గురించి రాద్దామనుకున్నాం. ఆ పదం మీకు తెలిసినదే: క్లర్క్. బ్యాంకు క్లర్కు పరీక్ష, కాలేజీ ఆఫీసు క్లర్కు అని రోజూ వింటూనే ఉంటాం. కానీ పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ పదం కనబడితే గుమాస్తా అని అర్థం చెప్పుకోకూడదు. అక్కడ క్లర్క్ అంటే చర్చి మతగురువు, లేదా చదువుకున్నవాడు. పి.జి.లో చేరిన కొత్తలో మేమూ పొరబడ్డాం. చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఆక్స్‌ఫర్డ్ క్లర్క్ వస్తే, ఏ ఆఫీసులో పనిచేస్తున్నాడా అని వెతికాం. తీరా చూస్తే అతను పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఒక పేద విద్యార్థి. అంటే మనలాంటివాడే!

పదం ఎలా పుట్టింది?

గ్రీకు భాషలో క్లేరోస్ అంటే వాటా, చీటీ. దాని నుంచి లాటిన్‌లో క్లెరికుస్ వచ్చింది. దైవసేవకు కేటాయించబడినవాడు అని భావం. అదే ఇంగ్లీషులో క్లర్క్, క్లెరిక్, క్లెర్జీ అయింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో చదవడం, రాయడం వచ్చినవారు ఎక్కువగా మతగురువులే. లెక్కలు రాయాలన్నా, రాజుగారి ఉత్తరం రాయాలన్నా వారినే పిలిచేవారు. అందుకే మతగురువు అనే మాట క్రమంగా రాతకోతలు చేసేవాడు అనే అర్థంలోకి మారింది.

మతగురువుకూ అక్షరానికీ ఉన్న ఈ సంబంధం మన ప్రాంతంలోనూ కనిపిస్తుంది. మన పాత జిల్లా కేంద్రమైన విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చారు. వారు తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఇలాంటివారిని మనవాళ్లు పాదిరి అన్నారు. తండ్రి అనే అర్థంగల పోర్చుగీసు మాట పాద్రే నుంచి అది వచ్చింది.

చదువు వస్తే ప్రాణం దక్కేది

ఇంగ్లండులో మతగురువులను మామూలు కోర్టులు ఉరితీయడానికి వీలుండేది కాదు. మరి ఎవరు మతగురువు? చదవగలిగితే చాలు! కాలక్రమంలో చదువు వచ్చిన మామూలు మనుషులకు కూడా ఈ మినహాయింపు దొరికింది. బైబిల్‌లోని 51వ కీర్తన మొదటి వచనం చదివిస్తారు. చదివితే మెడ దక్కుతుంది. అందుకే దానికి మెడ వచనం అని పేరు. 1598లో నాటక రచయిత బెన్ జాన్సన్ ఒక నటుణ్ణి చంపి, ఇలాగే బయటపడ్డాడు. రెండోసారి ఈ మినహాయింపు దొరకకుండా బొటనవేలి మీద వాత పెట్టి వదిలారు. ఆ చదివే పరీక్షను 1706లో తీసేశారు. మినహాయింపు మొత్తం 1827లో రద్దయింది.

ఒక్కసారి ఆలోచించండి. అదే నేరం చేసిన ఇద్దరిలో చదువు వచ్చినవాడు ఇంటికి, రానివాడు ఉరికంబానికి!

వాడుకలో గుర్తుంచుకోండి

1. క్లర్క్ ఇన్ హోలీ ఆర్డర్స్: ఇంగ్లండు చర్చి మతగురువుకు చట్టపరమైన పాత పేరు. గుమాస్తా కాదు.
2. క్లెర్జీ: మతగురువులందరినీ కలిపి చెప్పే మాట. ఒక్కరినైతే క్లెర్జీమన్ లేదా క్లెరిక్ అనాలి.
3. క్లరికల్: దీనికి రెండు అర్థాలు. క్లరికల్ కాలర్ అంటే పాదిరి మెడపట్టీ. క్లరికల్ ఎర్రర్ అంటే రాతలో దొర్లిన తప్పు. సందర్భాన్నిబట్టి గ్రహించాలి.
4. పార్సన్: ఊరి చర్చి గురువు. ఇది, పర్సన్ అనే మాట ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి.
5. ఉచ్చారణ: ఇంగ్లండులో క్లార్క్, అమెరికాలో క్లర్క్. క్లార్క్ అనే ఇంటిపేరు కూడా దీని నుంచి వచ్చినదే.

చివరిగా ఒక మాట

మన ఊళ్లలోనూ రాతకోతలు చాలాకాలం కొందరి చేతుల్లోనే ఉన్నాయి. వంశపారంపర్యంగా వచ్చే కరణం పదవులు 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఉన్నాయి. ఏ కాగితం వచ్చినా మా తాత చదివించుకోవడానికి ఒకరి అరుగు దగ్గర నిలబడేవాడు. వాళ్లు చదివింది నిజమో కాదో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు సెలవులకు వెళితే మా వీధిలోవాళ్లు పాస్‌బుక్కులు, నోటీసులు పట్టుకుని మా అరుగు దగ్గరకు వస్తారు. ఉన్నది ఉన్నట్టు చదివి, అర్థమయ్యాక సంతకమో వేలిముద్రో వెయ్యమని చెబుతాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! క్లర్కు ఉద్యోగం వస్తే చిన్నచూపు చూడకండి. అది చదువుకున్నవాడు అని అర్థమున్న పేరు. అక్కడితో ఆగిపోకండి కూడా. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తీసి, అమ్మానాన్నలకు ఒక్కొక్కటి చదివి వినిపించండి.