అద్దె ఆపకు

గుంటూరు,
ఆదివారం

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్లో అంతా చెప్పింది. మారతహళ్ళి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారట, అడ్వాన్సులో రంగులకనీ గీజరుకనీ కోత పెడతామన్నారట, నువ్వు మెట్ల మీద నిలబడి అరిచావట. ఇక అద్దె కట్టను, అడ్వాన్సులోనే పట్టుకోండి అన్నావట. రాత్రంతా నాకు నిద్ర లేదు.

అరిచినందుకు నేనేమీ అనను, ఊరు కాని ఊళ్ళో ఒక్కదానివి. కానీ అద్దె ఆపకు తల్లీ. ఈరోజు వాళ్ళే నీకు బాకీ, పది నెలల అద్దె అడ్వాన్సుగా వాళ్ళ దగ్గరుంది. నువ్వు ఆపావా, బాకీదారువి నువ్వవుతావు.

బ్రాడీపేట ఇంటి గొడవ నీకు తెలిసిందే. పెద్దాయన అద్దె చేత్తో పుచ్చుకుని గోడమీద క్యాలెండర్లో టిక్కు పెట్టేవారు. అదే రసీదనుకున్నాం. ఆయన పోయాక కొడుకొచ్చి ఎనిమిది నెలల బాకీ అన్నాడు. పాత క్యాలెండరు ఎవరు దాస్తారు? పైగా ఆ నెల నుంచి అద్దె ఇస్తే పుచ్చుకోడు. పుచ్చుకోకపోతే మనమే ఎగ్గొట్టామని కోర్టులో చెప్పొచ్చుగా! ప్లీడరుగారు చెప్పాక మీ తాతయ్య మనియార్డరు కట్టడం మొదలెట్టాడు. ఏడో క్లాసు పిల్లని, ప్రతి నెలా పోస్టాఫీసులో వరసలో నిలబడింది నేనే. తీసుకోలేదని తిరిగొచ్చిన ఆ ఫారాలే చివరికి మనల్ని కాపాడాయి. అవి ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఆ ఇంటి మామ్మగారే మీ నాన్న పుట్టినప్పుడు రోజూ మా అమ్మకు కారప్పొడి, వేడన్నం పంపేవారు. అందుకని ఇంటివాళ్ళంతా చెడ్డవాళ్ళని మనసు విరుచుకోకు. వేళకి తింటున్నావా? గొంతు నీరసంగా ఉందంది మీ అమ్మ.

రసీదు మాట మళ్ళీ చెబుతున్నా, విసుక్కోకు. మా మేడమీద పోర్షన్లో ఉన్న కుర్రాళ్ళు ఫోన్లో డబ్బు వేసేశాం కదా ఆంటీ అంటారు. అయినా ఒకటో తారీఖున కాగితం రాసి, సంతకం పెట్టి చేతికిస్తాను. నువ్వు పంపేటప్పుడల్లా ఏ నెల అద్దెయో రాయి. ఉత్త డబ్బు వెళితే అది అప్పు తీర్చినదో అద్దె ఇచ్చినదో రేపు ఎవరు తేలుస్తారు? ఇప్పటిదాకా కట్టినవన్నీ బ్యాంకు నుంచి తీయించి ఒక ఫైల్లో పెట్టు.

అగ్రిమెంటులో రంగుల మాట ఉందేమో చూడు. ఉంటే సంతకం నీదే, ఇవ్వాల్సిందే. లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను అద్దెకున్నవాళ్ళ మీద వెయ్యదు. మాసిన గోడ వేరు, నువ్వు మేకు కొట్టి పెచ్చులూడగొట్టిన గోడ వేరు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టంలో ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనుంది. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది కాబట్టి దాని మీద ఆశపడి పోట్లాడకు. కోత దేనికెంతో రాసిమ్మని అడుగు, నెమ్మదిగా, వాట్సాప్‌లోనే.

ఖాళీ చేసే తేదీ చెప్పు, మామయ్యా నేనూ ముందురోజే వస్తాం. గోడలు, కుళాయిలు ఫోటోలు తీసిపెట్టు. తాళం ఇచ్చేముందు కరెంటు మీటరు అంకె నేను దగ్గరుండి రాయిస్తాను.

నీ అత్తయ్య