గుంపులో కణమును గుర్తించుట

మన రక్తమునందలి తెల్లకణములలో టి-కణములు ఒక జాతి. ఒక్కొక్క టి-కణము ఏదో యొక రోగక్రిమి తునకను మాత్రమే ఆనవాలు పట్టును. టీకా వేసిన పిమ్మట ఆ క్రిమి నెదిరించు కణములెన్ని పెరిగినవో తెలియుట యెట్లు?

పూర్వము కణములను పలుచన చేసి, చిన్న గుంటలలో పెంచి, ఎన్ని గుంటలలో అవి వృద్ధినొందెనో చూచి గణించెడివారు. అచట విభజన చెందని కణము లెక్కకే రాదు. బడికి రాని బాలుడు ఊరిలోనే లేడన్నట్లుండెను ఆ గణన!

1996లో జాన్ ఆల్ట్‌మన్, మార్క్ డేవిస్ మొదలగువారు వేరొక యుక్తి పన్నిరి. ఆ తునకను, దానిని మోయు ప్రోటీనుతో కూర్చి, మెరయు రంగు నంటించి, కణమునకు ఎరగా చూపుటయే ఆ యుక్తి. కాని ఒంటి ఎర క్షణములలో ఊడిపోవును. అందుచే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అను పదార్థములచే నాలుగింటిని ఒక్కటిగా బంధించిరి. ఒక పట్టు సడలినను తక్కినవి విడువవు. ‘టెట్రామర్’ అను దీనిని మేము ‘చతుష్కము’ అనుచున్నాము. సైన్సు ఉపాధ్యాయులు సమ్మతింతురో లేదో! రంగంటిన కణములను యంత్రము లేసర్ కాంతిలో ఒక్కొక్కటిగా లెక్కించును.

1998లో ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకినవారి రక్తము నిట్లు పరీక్షింపగా, సిడి8 జాతి టి-కణములలో 44 శాతము వరకు ఆ వైరస్ తునక నొక్కదానినే గుర్తించునవిగా తేలినవి. పాత లెక్కలు ఇట్టివానిని మిక్కిలి తక్కువగా చూపియుండెను.

ఐనను ఒక చిక్కు గలదు. తునకను మోయు ప్రోటీను అందరియందు ఒకే తీరున నుండదు. ఒకరికై చేసిన ఎర మరియొకరికి పనికిరాకపోవచ్చును.