చైనాలో మనిషి కదిలినాడు, పత్రము కదలలేదు

వేసవి అధ్యయన యాత్రకై చైనా వెళ్ళు విద్యార్థులకు మొదట కనబడునవి షాంఘై, షెన్‌జెన్ నగరముల ఆకాశహర్మ్యములు. ఆ సమాజములోని మార్పు తెలియవలెనన్నచో ‘హుకౌ’ అను కుటుంబ నమోదు పత్రమే మేలైన పాఠ్యగ్రంథమని మా అభిప్రాయము.

1958 నాటి హుకౌ చట్టము ప్రజలను గ్రామీణులు, పట్టణవాసులు అని విడదీసినది. రేషను, కొలువు, వైద్యము, బడి అన్నియు దానినిబట్టియే. 1978లో అన్‌హుయి రాష్ట్రమందలి షియావోగాంగ్ గ్రామమున 18 మంది రైతులు సమష్టి భూమిని కుటుంబములవారీగా సాగుచేయుటకు రహస్యముగా వేలిముద్రలు వేసిరి. ఆ పద్ధతి దేశమంతట వ్యాపించగా, పొలమున మిగిలిన చేతులు కర్మాగారముల దారి పట్టినవి. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలియైన షెన్‌జెన్ వారి శ్రమతోనే పెరిగినది.

2020 జనగణనలో ఇట్టి వలసజనులు సుమారు 37 కోట్ల 60 లక్షలు! వారి పిల్లలకు అసలు గండము జూన్‌లో జరుగు ‘గావ్‌కావ్’ అను కళాశాల ప్రవేశ పరీక్ష. బీజింగ్‌లో పుట్టి పెరిగినను, అచటి హుకౌ లేనివారిలో పలువురు పరీక్షకై సొంత రాష్ట్రమునకు మరలవలసినదే. మరికొందరు పల్లెలో తాత, అవ్వలయొద్దనే పెరుగుదురు. తల్లిదండ్రుల ముఖము చూచునది తరచు వసంతోత్సవమునకే.

2014 సంస్కరణలతో చిన్న పట్టణములు తలుపులు తెరచినవి. బీజింగ్ మాత్రము బీమా చెల్లింపులకు, చదువునకు, నివాసమునకు మార్కులు వేసి ఏటా కొన్ని వేలమందినే చేర్చుకొనుచున్నది.