రెండో తాళం

బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌కి తాళాలు రెండు. ఒకటి అధికారి దగ్గర, రెండోది హెడ్ క్యాషియర్ దగ్గర. ఎంత పెద్ద మేనేజరైనా సరే, ఒక్కడే వెళ్ళి తెరుద్దామంటే కుదరదు. చిన్న బ్రాంచిల్లో ఆ మొదటి తాళం మేనేజరు దగ్గరే ఉంటుంది. ఏళ్ళ తరబడి నా దగ్గరా ఉంది. దాని అర్థం మాత్రం 2016 నవంబరులో గానీ నా బుర్రకెక్కలేదు.

ఎనిమిదో తేదీ రాత్రి పెద్ద నోట్లు చెల్లవన్నారు. తొమ్మిదిన బ్యాంకులు మూత. పదో తేదీ పొద్దున ఏడింటికి నేను వెళ్ళేసరికే మెట్ల కింద నుంచి రోడ్డు మలుపు దాకా చెప్పుల జతల వరుస. మనుషులు చెట్టు నీడన కూర్చుని చెప్పుల్ని క్యూలో నిలబెట్టారు. మొదట మనిషికి 4,000 దాకా మార్చమన్నారు, తర్వాత 4,500 అన్నారు, ఆ పైన 2,000కి దించారు, ఇరవై నాలుగు దాటాక మార్పిడే ఆపేశారు. కౌంటరు అద్దానికి అంటించిన కాగితం చింపి కొత్తది అంటించడమే ఒక మనిషి పని. మేం అడిగినంత డబ్బు కరెన్సీ చెస్ట్ నుంచి వచ్చేది కాదు. వచ్చినదాంట్లో సగం రెండు వేల నోట్లే. అవి చేతిలో పెడితే "దీనికి చిల్లరెవరిస్తారు సార్?" అని జనం నన్నే అడిగేవారు. నోటు నేనే అచ్చేసినట్టు.

నా క్యాబిన్లో వేంకటేశ్వరస్వామి పటం ఉండేది. రోజూ అగరువత్తి వెలిగించి దండం పెట్టి కుర్చీలో కూర్చునేవాణ్ణి. కూర్చున్న మరుక్షణం నుంచి చెస్ట్ వాళ్ళకి ఫోన్లు, పక్క బ్రాంచికి ఫోన్లు, రీజినల్ ఆఫీసుకి ఫోన్లు. దండం స్వామికి, డ్యూటీ చార్టులో ఆయన పనులు కూడా నా పేరు మీదే. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాత్రిళ్ళు నిద్ర లేదు, బీపీ మాత్ర ఒకటి రెండయింది.

ఆ రోజుల్లో ఒక పెద్దాయన శుభలేఖ పట్టుకుని వచ్చాడు. నాలుగు రోజుల్లో కూతురి పెళ్ళి. పెళ్ళికి రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చని అప్పటికే ఉత్తర్వు వచ్చింది, కానీ దానికి తోకలు చాలా. శుభలేఖ చూపాలి, ఇచ్చిన అడ్వాన్సులకి రసీదులు చూపాలి, నగదు తీసుకునే వాళ్ళకి బ్యాంకు ఖాతా లేదని వాళ్ళ చేతే రాయించాలి. భజంత్రీల దగ్గరికీ షామియానా వాడి దగ్గరికీ తిరిగి ఆయన అవన్నీ రాయించుకొచ్చాడు. ఒకరు వేలిముద్ర వేశారు, సిరా ఇంకా ఆరలేదు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, పెట్టెలోనే డబ్బు లేదు.

"రేపు పొద్దున రండి, ఎలాగైనా సర్దుతా" అన్నాను. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. మూడో రోజు సాయంత్రం నేను ఎవరి మీదో ఫోన్లో అరుస్తుంటే మా హెడ్ క్యాషియర్ తలుపు దగ్గరికొచ్చారు. లెక్క ముగించాలి, తాళం వెయ్యడానికి రమ్మని పిలవడానికి వచ్చారావిడ. ఫోను పెట్టేదాకా నిలబడి, విసుగ్గానే అన్నారు: "నేను రాకుండా ఈ పెట్టె కూడా తెరవలేరు కదా సార్, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒక్కరే ఎలా చేయిద్దామనుకున్నారు?"

కోపం వచ్చింది. ఏమీ అనలేదు, వెళ్ళి నా తాళం తిప్పాను. ఆవిడ తన తాళం తిప్పారు.

మర్నాడు పెద్దాయనకి నిజం చెప్పాను. నా దగ్గర ఇంతే ఉంది, ఇది తీసుకెళ్ళండి, చెస్ట్ మాట నాకు తెలియదు అని. తిడతాడనుకున్నాను. "ఈ ముక్క మొదటి రోజే అనాల్సింది మేనేజరు గారూ" అన్నాడు. వంటవాడి కొడుక్కి ఖాతా ఉందట, అందులో వేయించుకుంటామన్నాడట. కల్యాణ మండపం వాళ్ళు చెక్కు తీసుకుంటామన్నారట. నేను ఇస్తానన్నాను కదా అని ఆయనే వాళ్ళకి వద్దని చెప్పుకుంటూ వచ్చాడు. దేవుడు ఆయనకి రెండు దార్లు తెరిచి పెడితే, సాయం చేస్తున్నాననుకుని ఆ దార్లకి అడ్డంగా నిలబడ్డది నేను. పెళ్ళి బాగానే జరిగింది. దాంట్లో నా గొప్పేమీ లేదు.

అందుకే ఉద్యోగంలో కుర్రవాళ్ళు సలహా అడిగితే మొదట ఇదే చెబుతాను: రెండో తాళం నీ దగ్గర ఉన్నట్టు మాటివ్వకు. "చూస్తాను, అడుగుతాను, ఏ సంగతీ నాలుగింటికల్లా చెబుతాను" అను. "అయిపోతుంది, నాకొదిలెయ్" అనకు. ఆ మాట అన్నప్పుడు నీకు పెద్దరికంగా ఉంటుంది, విన్నవాడు మాత్రం వేరే ప్రయత్నం మానేస్తాడు.

ఆ రెండో తాళం భగవంతుడి దగ్గరుంది. ఆయన్ని నమ్ముకోవడంలో వైష్ణవులు రెండు పద్ధతులు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉంటుంది, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. ఏది గొప్పదో తేల్చుకోలేక వడగలై, తెంగలై శాఖల వారు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మోక్షం సంగతి నాకు తెలియదు గానీ ఉద్యోగానికి మాత్రం కోతిపిల్లే మేలని నా అభిప్రాయం. గెంతేది తల్లి, ఎటు గెంతాలో చూసుకునేదీ తల్లే, పట్టు వదలకపోవడం మాత్రం పిల్ల పని. నాతో పనిచేసిన ఒక ముస్లిం మిత్రుడు ఇదే సంగతి ఒంటె మీద పెట్టి చెప్పేవాడు: ముందు ఒంటెను కట్టెయ్యాలట, ఆ తర్వాతే అల్లా మీద భారం వెయ్యాలట.

ఇక్కడో హెచ్చరిక. ప్రతి ఆఫీసులోనూ "అంతా పైవాడి దయ" అంటూ ఫైలు కదపని మహానుభావుడు ఒకడుంటాడు. అది భక్తి కాదు, బద్ధకం. అలాగే జీతం ఎగ్గొట్టే యజమాని విషయంలో, వేధించే పై అధికారి విషయంలో దేవుడే చూసుకుంటాడని ఊరుకోమంటే నేను ఒప్పుకోను. అక్కడ ఫిర్యాదు రాయడమే నీ చేతిలో ఉన్న తాళం. దాన్ని తిప్పకుండా రెండోది తిరగడం లేదని దేవుణ్ణి తప్పుపట్టి ఏం లాభం?

కాగితం సంగతికొస్తే, రామదాసు కథ మనందరికీ తెలుసు. అసలు పేరు కంచర్ల గోపన్న, ఉద్యోగం తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి గోల్కొండ జైల్లో పడ్డాడు. ఆ భాగాన్ని ఉద్యోగస్తులు ఆదర్శంగా తీసుకోవద్దు, ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు. నాకు నచ్చేది చివరి భాగం. రామలక్ష్మణులు బంట్రోతుల వేషంలో వచ్చి గోల్కొండ నవాబు తానీషాకి ఆరు లక్షలు లెక్కపెట్టి ఇచ్చారని చెబుతారు కదా, ఇచ్చి ఊరుకోలేదు, రసీదు రాయించుకున్నారు. సాక్షాత్తు రాముడే రసీదు అడిగాడంటే మనమెంత! నీ పరిధి దాటిన విషయం పై వాళ్ళకి నోటితో చెప్పి వదిలెయ్యకు. మెయిల్ పెట్టు, తేదీ వెయ్యి, జవాబు దాచుకో. దేవుడి మీద భారం వేశాక అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవకుండా ఉండాలంటే ఆ కాగితం కావాలి.

నేను ఆ నవంబరు నుంచీ రిటైరయ్యేదాకా ఒక అలవాటు పాటించాను. సాయంత్రం నోట్ల లెక్క ముగిశాక, పాత డైరీలో ఆ రోజు తెగని పనులు రాసేవాణ్ణి. ఎదురుగా, ఎవరికి చెప్పాను, ఎన్నింటికి చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఉంటే లేచి ఫోను చేసేవాణ్ణి, ఎందుకంటే అది ఇంకా నా కౌంటరులోదే. చెప్పగా మిగిలినవాటిని పటం ముందు పేరు పేరునా చదివేవాణ్ణి. ఫలానా రైతు లోను, ఫలానా ఏటీఎం, ఫలానా ఆవిడ పింఛను. "ఇవి నీ కౌంటరు స్వామీ" అని డైరీ మూసేవాణ్ణి. నోట్లు ఇంటికి పట్టుకెళ్ళం కదా, మరి ఇవెందుకు?

పనులన్నీ అయ్యేవా అంటే, అయ్యేవి కావు. కొన్ని నెలల తరబడి ఆ పేజీ నుంచి ఈ పేజీకి వచ్చేవి. బీపీ మాత్ర మాత్రం మళ్ళీ ఒకటికి దిగింది.

మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. రాత్రి పదకొండింటికి ఫోను చేసి, రేపు రిలీజు, అటువైపు టీము ఏం చేస్తారోనని భయంగా ఉంది నాన్నా అంటుంది.

"హ్యాండోవర్ నోట్ రాశావా?"

"రాశాను."

"వాళ్ళు చూశామన్నారా?"

"అన్నారు."

"ఇంకేం తల్లీ, స్వామికి ఓ దండం పెట్టుకుని పడుకో."

సరే నాన్నా అంటుంది. ఫోను పెట్టేలోపే అటువైపు లాప్‌టాప్ తెరిచిన చప్పుడు వినిపిస్తుంది.