పికప్ కుదుపులకు మందు అదనపు పట్టీ కాదు, మంచి షాక్ అబ్జార్బర్

మామిడి కోతలు మొదలైతే నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం తోటల నుంచి నున్న మార్కెట్‌కు పికప్ వ్యాన్లు బారులు తీరతాయి. కృష్ణ లంకల నుంచి అరటి గెలలు, కూరగాయలు విజయవాడకు వచ్చేదీ ఈ బండ్ల మీదే. ఎకరం, రెండెకరాల రైతులు ముగ్గురు నలుగురు కలిసి పాత పికప్ కొనుక్కోవడం, లేదంటే కిరాయికి మాట్లాడుకోవడం ఇప్పుడు మామూలైంది. అయితే చెట్టు మీద మచ్చలేని బంగినపల్లి కాయ బండి దిగేసరికి లోపల నలిగి ఉంటుంది. ఆ దెబ్బ అప్పటికప్పుడు కంటికి కనబడదు. మాగేటప్పుడు నల్లగా బయటపడుతుంది. కొనేవాడికి ఈ సంగతి తెలుసు కాబట్టి ముందుగానే ధర తగ్గించి అడుగుతాడు. ఏడాది పొడుగునా మందులు కొట్టి కాపాడుకున్న కాయకు రెండు గంటల ప్రయాణంలో నష్టం రావడం బాధాకరం.

డెల్టా రోడ్లు అసలే అంతంత మాత్రం. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన ఎంత తారు పోసినా అలలు తేలక తప్పదు. ఇక కాల్వ గట్ల సంగతి చెప్పనవసరం లేదు. రోడ్డును రైతు మార్చలేడు గానీ, బండిని కొంత మార్చుకోగలడు.

ఏది ఏ పని చేస్తుంది?

పికప్ వెనుక ఇరుసు మీద బరువు మోసేవి కమాన్ పట్టీలు. గుంతలో చక్రం పడితే అవి వంగి, మళ్లీ పైకి లేస్తాయి. ఒకసారి లేచి ఊరుకోవు, ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపును ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. గొట్టంలో నూనె, అందులో సన్న రంధ్రాలున్న పిస్టన్ ఉంటాయి. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల గుండా ఇరుక్కుంటూ పోవాలి. దాంతో ఊపు కాస్తా వేడిగా మారి చల్లారిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే పట్టీ బరువు మోస్తుంది, షాక్ అబ్జార్బర్ ఊపును పట్టి ఉంచుతుంది. ఒకదాని పని ఇంకోటి చేయదు.

పొరపాటంతా ఇక్కడే జరుగుతోంది. 'బండి బాగా ఎగురుతోందయ్యా' అని రైతు అంటే, 'ఇంకో పట్టీ వేసేద్దాం బాబాయ్' అంటాడు మెకానిక్. పట్టీ వేస్తే బండి గట్టిపడుతుంది, బరువుకు కుంగడం తగ్గుతుంది. కానీ కుదుపు తగ్గదు సరికదా పెరుగుతుంది. సగం లోడుతోనో, ఖాళీగానో వెళ్లేటప్పుడు వెనుక భాగం గుర్రంలా ఎగురుతుంది. పైగా పట్టీ గట్టిపడే కొద్దీ అది విసిరే ఊపును పాత షాక్ అబ్జార్బర్ ఆపలేదు. కాయ తోలే బండికి అదనపు పట్టీ వేయించడం దండగ అనే చెప్పాలి. ఇదివరకే వేయించి ఉంటే తీయించడం మేలు.

పట్టీ వేసినంత మాత్రాన ఎక్కువ బరువు వేసుకునే హక్కు కూడా రాదు. ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో మొత్తం బరువు రెండూ ఉంటాయి. వాటి తేడాయే మీరు వేయదగ్గ బరువు, అందులో డ్రైవరూ మనుషులూ కలిసే ఉంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు రూ.20 వేలు, ఆపైన అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా ఉంది.

పాడైందని ఎలా తెలుస్తుంది?

కారుకైతే మూల మీద బలంగా నొక్కి వదిలి చూస్తారు. ఖాళీ పికప్ వెనుక భాగానికి ఆ పరీక్ష పనికిరాదు, పట్టీలు అంత గట్టివి. దానికి బదులు గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, ఆపగానే నాలుగు షాక్ అబ్జార్బర్ల గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడాలి. పనిచేసేది వేడెక్కుతుంది. జతలో ఒకటి వెచ్చగా ఉండి రెండోది చల్లగా ఉంటే, ఆ చల్లనిది పని మానేసినట్టే. సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి భద్రం.

గొట్టం మీద సన్నని నూనె తడి ఉంటే కంగారు పడక్కర్లేదు. బొట్లు కారుతుంటే మార్చాల్సిందే. టైరు ఒకే తీరున అరగకుండా అలలు అలలుగా అరిగినా అనుమానించాలి. టకటక చప్పుడు వస్తే మాత్రం ముందు రబ్బరు బుష్‌లు చూడండి. చాలాసార్లు పోయేది ఆ చిన్న రబ్బరే, దానికి మొత్తం మార్చనవసరం లేదు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

నూనె రకం, గ్యాస్ రకం అని రెండున్నాయి. వరుస గతుకుల్లో నూనె వేడెక్కి నురగ కడితే పట్టు తప్పుతుంది. గ్యాస్ రకంలో నత్రజని ఒత్తిడి ఆ నురగను అదుపులో పెడుతుంది. రోజూ కాల్వ గట్ల మీద తిరిగే బండికి గ్యాస్ రకానికి కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు. లావు గొట్టంతో వచ్చే హెవీ డ్యూటీ రకం నిండు లోడుకు బాగుంటుంది గానీ, మరీ గట్టిదైతే ఖాళీ బండి కొడుతుంది. ఏది కొన్నా మీ మోడల్‌కు చెప్పిన పొడవే ఉండాలి.

విజయవాడ ఆటోనగర్‌లో అన్ని కంపెనీలవీ దొరుకుతాయి. పాతవాటికి నూనె పోసి, రంగేసి అమ్మేవీ దొరుకుతాయి. పెట్టె మీద పార్ట్ నంబరు చూసి, బిల్లు తీసుకుని కొనాలి. ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒక పక్కకు గుంజుతుంది.

కొత్తదాన్ని బిగించే ముందు అది బండిలో ఉండే తీరునే నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా చాపి, నొక్కాలి. లోపలి గాలి పోతుంది. బుష్ నట్లను బండి జాకీ మీద ఉండగా బిర్రుగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనించి, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఇది దగ్గరుండి చూసుకోవాల్సిన పని.

ఖర్చు పెట్టే ముందు టైర్లలో గాలి చూడండి. 'లోడు బండి కదా' అని కంపెనీ చెప్పినదానికి మించి కొట్టిస్తే, ఎంత మంచి షాక్ అబ్జార్బర్ వేసినా కుదుపు తగ్గదు. పట్టీల మధ్య తుప్పు గీకించి, పిన్నులకు గ్రీజు పెట్టిస్తే కొంత మెత్తబడుతుంది.

లోడు ఎత్తడంలోనూ తేడా ఉంది. వెనుక ఇరుసు దాటాక ఉన్న భాగం, అన్నిటికన్నా పై వరస ఎక్కువగా ఎగురుతాయి. మెత్తబడిన కాయ, టమాటా క్రేట్లను క్యాబిన్ వైపు పెట్టి, వెనక్కి గట్టి సరుకు సర్దాలి. పై వరస క్రేట్లలో కాయ కదలకుండా కాస్త గడ్డి కూరి, తాడు బిగించాలి. కిరాయి బండైతే బేరం కుదిరే ముందే కిందికి వంగి షాక్ అబ్జార్బర్లు, టైర్లు ఒకసారి చూడండి. నూనె కారుతున్న బండికి వంద తక్కువకు వస్తానన్నా పళ్ల లోడు ఇవ్వకండి, వరి గడ్డి తోలడానికి పిలవండి.