ఆకు అంటే ఉంది, మాకు అంటే లేదు

ఏం చెల్లీ, కువైట్ వీసా వచ్చిందంట కదా! ఫోన్ తీయగానే నువ్వడిగిన మొదటి మాట, "అక్కా, అక్కడ చలి ఉంటుందా, స్వెట్టర్ తెచ్చుకోవాలా" అని. తెచ్చుకో. కువైట్ అంటే ఏడాదంతా మంటే అనుకుంటారు మనోళ్లు. జులైలో అయితే నిజమే, 2016లో మిత్రిబా అనే చోట ఎండ దాదాపు 54 డిగ్రీలకు పోయింది. కానీ డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఎడారి గాలి ఎముకల్లోకి దూరుతుంది. నా మొదటి చలికాలం రెండు నూలు చీరలతో, ఒక దుప్పటితో వణుకుతూ గడిచిపోయింది. సరే, స్వెట్టర్ సంగతి అయిపోయింది. నువ్వు అడగని మాట నేనడుగుతా. నీ వీసా ఏ నంబరు?

చూశావా, తెలీదంటున్నావు. రాజంపేటలో గానీ, రాయచోటిలో గానీ, గోదావరి పక్క రాజోలులో గానీ కువైట్ పోయే మనిషి పెట్టెలో ఏం సర్దుకోవాలో వీధంతా చెబుతుంది. వీసా కాగితంలో ఏముందో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఇళ్లల్లో పనికి వచ్చేది 20 నంబరు, మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. కంపెనీల్లో, షాపుల్లో పనికి 18, అదే షూన్ వీసా. ఖాదిం వీసా మీద వస్తే ఏ ఇంటి పేరున వచ్చావో ఆ ఇంట్లోనే చేయాలి. "ఆజాద్ వీసా తీస్తా, నీకిష్టమైన చోట చేసుకో" అని ఏజెంటు అన్నాడా, అలాంటి వీసా ఈ దేశం చట్టంలోనే లేదు. విజిట్ వీసా మీద పంపి ఇక్కడికొచ్చాక మారుస్తామన్నాడా, ఆ గడప మళ్లీ తొక్కకు.

నువ్వు పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే ఎమిగ్రేషన్ చెక్ అవసరమైనది. ఇంటి పనికి రావాలంటే 30 ఏళ్లు నిండాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. 2016 నుంచి ఇలాంటి ఉద్యోగాలకు ఆడవాళ్లను పంపే పని ప్రభుత్వ సంస్థలదే. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. వయసు నాలుగేళ్లు పెంచి పాస్‌పోర్టు చేయించుకున్నవాళ్లను చూశాను. ఆ నాలుగేళ్ల అబద్ధం తర్వాత ప్రతి కౌంటరు దగ్గరా గుండె దడ పుట్టిస్తుంది. బీమా మాత్రం మరవకు. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275 రూపాయలే, ప్రాణం మీదకొస్తే ఇంటికి పది లక్షలు. మనం గాజులకు పెట్టే ఖర్చు కూడా కాదు.

పెట్టె విషయంలో ఒక్కటే చెబుతా. ఎవరి పొట్లమైనా విప్పి చూడందే లోపల పెట్టకు. "మా వదినకు ఇవ్వమ్మా, పచ్చడే" అన్నా సరే, మూత తీసి గరిటె పెట్టి చూడు. పచ్చడి కింద ఏముందో తెలియక జైలుకు పోయినవాళ్లున్నారు. గసగసాలు వద్దు, గుట్కా వద్దు. మద్యం దేశం మొత్తం మీదే నిషేధం. నీ బీపీ మాత్రలకు డాక్టరు చీటీ జత చెయ్.

ఇక్కడ దిగిన రోజు నేను చేసిన తెలివితక్కువ పని నువ్వు చేయకు. తీసుకెళ్లాల్సిన మనిషి ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని పెద్ద పెట్టెలో అడుగున పెట్టాను. సాయంత్రం దిగితే తెల్లారేదాకా ఎవరూ రాలేదు. అంతమంది మధ్య పెట్టె విప్పి చీరలు బయటపడేయడానికి సిగ్గేసి, కుర్చీలోనే ఏడుస్తూ కూర్చున్నా. నంబర్లు చేతిసంచిలో ఉండాలి, ఇంకోచోట కూడా రాసుకోవాలి. మన ఎంబసీ నంబరు ఒకటి, పోలీసు, అంబులెన్సులకు 112 ఒకటి. ఈ రెండూ నోటికి రావాలి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మనకన్నా వీళ్లు రెండున్నర గంటలు వెనక అని గుర్తుంచుకో. నేను ఇక్కడ రాత్రి పది అనుకుని చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి అమ్మ అదిరిపడి లేచింది.

భాష అంటావా, నవ్వొస్తుంది. నేను వచ్చిన వారానికి మేడం ఫ్రిజ్ తెరిచి "మాకు హలీబ్" అంది. హలీబ్ అంటే పాలని అప్పటికే నేర్చుకున్నా. "మాకు పాలు" అంటోంది, అంటే పాలు వాళ్లకే, మనకు కాదు కాబోలు అనుకుని వారం రోజులు టీ డికాక్షనే తాగా. తర్వాత తెలిసింది, ఇక్కడ మాకు అంటే లేదు, ఆకు అంటే ఉంది అని. పాపం ఆమె పాలు అయిపోయాయంటోంది! మాయ్ నీళ్లు, ఏష్ అన్నం, ఖుబూస్ రొట్టె, శ్వయ్ శ్వయ్ అంటే మెల్లగా. మామా అంటే మన మేనమామ కాదు, ఇంటావిడ. ఓ యాభై మాటలు ముందే బట్టీ కొట్టి రా. వంటింట్లో సగం తిట్లు మాట అర్థం కాకే పడతాం.

జీతం సంగతి. 2015లో వచ్చిన 68 నంబరు చట్టం ఇంటిపనివాళ్లది. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల సెలవు జీతంతో, మానేసి పోయేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. మన ఇష్టం లేకుండా పాస్‌పోర్టు వాళ్లు పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. ఇవన్నీ కాగితం మీదివి చెల్లీ, గుమ్మం లోపలికి వచ్చేసరికి ఇంటిని బట్టి ఉంటుంది. మంచి ఇళ్లున్నాయి, రాత్రి రెండింటిదాకా అంట్లు తోమించే ఇళ్లూ ఉన్నాయి. అయినా తెలిసి అడిగేదానికీ, తెలియక ఊరుకునేదానికీ తేడా ఉంది. "జీతం మా దగ్గరే దాస్తాం, పోయేటప్పుడు ఒకేసారి తీసుకో" అంటే మాత్రం ఒప్పుకోకు. ఏ నెలది ఆ నెలే. దినారుకు వెయ్యి ఫిల్సులు. పావు దినారు నోటు చూసి చిల్లరే కదా అని పారేసుకునేవు, మన లెక్కలో అరవై రూపాయల పైమాటే.

బురఖా వేసుకోవాలా అనీ అడిగావు. అక్కర్లేదు, ఒళ్లు కప్పే బట్ట చాలు. రంజాన్ నెలలో పగటిపూట బయట నలుగురిలో ఏమీ తినకు, నీళ్లు కూడా తాగకు. చట్టం ప్రకారం 100 దినార్ల దాకా జరిమానా, జైలు కూడా.

ఇంట్లో భరించలేని పరిస్థితే వచ్చిందనుకో. తెలిసినవాళ్ల గదికి పారిపోకు. ఫర్వానియాలో, జిలీబ్‌లో గది ఇస్తాం, పని చూపిస్తాం అనేవాళ్లు దొరుకుతారు. ఆ రోజు నుంచి నువ్వు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషివి. ఇంటివాళ్లు పరారీ కేసు పెడతారు, అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి పోతుంది, జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోవాలంటే భయం. టాక్సీ ఎక్కి "హిందీ సఫారా" అను, దయ్యా అనే చోట ఉన్న మన ఎంబసీకి తీసుకెళ్తాడు. అక్కడ ఆడవాళ్లకు ఆశ్రయం ఉంది.

కాగితాలు మన చేతిలో ఉండటం ఎంత ముఖ్యమో చెబుతా విను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఈ దేశంలో దిగినప్పుడు ఇక్కడున్న మనవాళ్లు బస్సుల్లో అమ్మాన్ దాకా పోయి, అక్కడి నుంచి విమానాల్లో ఇల్లు చేరారు. లక్షా డెబ్బై వేల మంది. పాస్‌పోర్టు సేటు బీరువాలోనే ఉండిపోయినవాళ్ల తిప్పలు అప్పటి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందుకే పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు మూడు జతలు జిరాక్స్ తీయించు. ఒకటి నీ దగ్గర, ఒకటి అమ్మ దగ్గర. మూడోది ఈ రాత్రికే ఫొటో తీసి నాకు పంపు. ఆ కాగితం మీద 20 ఉందో 18 ఉందో నేను చూసి చెప్పేదాకా ఏజెంటుకు రూపాయి ఇవ్వకు.